మికెల్సన్ ట్రైల్‌కి వెళ్లే ముందు

అమెరికాలోని సౌత్ డకోటా, బ్లాక్ హిల్స్. బంగారు గనుల కొండల్లో మూతపడ్డ రైలు మార్గమే ఇప్పుడు 109 మైళ్ల కంకర సైకిల్ బాట. కార్ల గోల లేదు. ఈ వేసవిలో వెళ్తుంటే:

• పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నం పిడుగులు, వడగళ్లు ఉన్నట్టుండి వస్తాయి. పరిగెత్తినా తలదాచుకునే చోటు దొరక్కపోవచ్చు.

• పాత గని సొరంగం కనిపిస్తే ఫొటో కోసమైనా దూరొద్దు. లోపల గాలి ఆడదు, కప్పు కూలొచ్చు.

• బాట ఉత్తర కొసన ఉన్న డెడ్‌వుడ్ ఊరి నుంచి, బాటలో అన్నిటికంటే ఎత్తున ఉన్న డుమాంట్ దాకా దాదాపు అంతా ఎక్కుడే. రైలు దారేగా, చదునుగానే ఉంటుంది అనుకుంటే మోకాళ్లు ఒప్పుకోవు! తేలిక కావాలంటే డుమాంట్‌లో మొదలుపెట్టి డెడ్‌వుడ్ వైపు దిగండి.

• స్పేర్ ట్యూబ్, పంపు ఉండాలి. చాలాచోట్ల సిగ్నల్ రాదు.

• 12 ఏళ్లు నిండినవాళ్లకు పాస్ తప్పనిసరి.