తుంటి మార్పిడి ఆపరేషన్ అయ్యాక కాలు వాచింది: మామూలు వాపా, రక్తం గడ్డా?

సమస్య: కాలు వాచింది, పిక్క లాగుతోంది

ఆపరేషన్ అయిన కాలు కొన్ని వారాలు వాయడం మామూలే, అందుకే చాలామంది నిజంగా గడ్డ వచ్చినా పట్టించుకోరు. మామూలు వాపు సాయంత్రానికి పెరిగి, రాత్రి కాలు ఎత్తులో పెట్టుకుంటే పొద్దున్నకి కాస్త తగ్గుతుంది. అలా తగ్గకుండా, పిక్క గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి, వేడి, రంగు మారడం ఉంటే డీవీటీ, అంటే లోపలి సిరలో గడ్డ అని అనుమానించాలి. మోకాలి చిప్ప కింద ముందువైపు ఎముక బుడిపె తగులుతుంది కదా, దానికి 10 సెంటీమీటర్ల కింద రెండు పిక్కల చుట్టుకొలత టేపుతో చూడండి, 3 సెంటీమీటర్లు దాటి తేడా ఉంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. తేడా లేదని మాత్రం ధీమాగా ఉండొద్దు, గడ్డ రెండో కాల్లో కూడా రావచ్చు, ఒక్కోసారి ఏ లక్షణమూ లేకుండా కూడా వస్తుంది.

ఎందుకొస్తుంది: ఆపరేషన్‌లో కాలు తిప్పేటప్పుడు తొడ సిర నలుగుతుంది, గాయం వల్ల రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది, పైగా కదలకుండా పడుకోవడం. ముందెప్పుడైనా గడ్డ వచ్చినవాళ్ళకి, క్యాన్సర్ ఉన్నవాళ్ళకి, ఈస్ట్రోజన్ మాత్రలు వాడేవాళ్ళకి రిస్క్ ఇంకా ఎక్కువ.

ఏం చేయాలి: డాప్లర్ స్కాన్‌తో, అంటే సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్‌తో తేలుతుంది, స్కాన్ చేసే ప్రోబ్‌తో నొక్కితే మామూలు సిర అణిగిపోతుంది, గడ్డ ఉన్నది అణగదు. డీ-డైమర్ రక్తపరీక్ష (గడ్డ కరిగేటప్పుడు రక్తంలోకి వచ్చే ముక్కల్ని కొలిచేది) విలువ ఆపరేషన్ వల్లే పెరిగి ఉంటుంది కాబట్టి అది ఎక్కువ వచ్చిందని గడ్డ ఉన్నట్టు కాదు. గడ్డ ఉంటే రక్తం పలచబరిచే మందు కనీసం 3 నెలలు వాడతారు. నొప్పి అనగానే ఎవరో ఒకరు పిక్క పిసకడానికి కూర్చుంటారు, గడ్డ కదిలే ప్రమాదం ఉంది, దయచేసి వద్దనండి.

సమస్య: ఉన్నట్టుండి ఆయాసం

గాలి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, గుండె దడ, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా గ్యాస్ అనో నీరసం అనో ఇంట్లో కూర్చోకండి, గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండొచ్చు. కాలు వాచకపోయినా ఇది వస్తుంది. వెంటనే అంబులెన్స్ పిలవండి, ఆపరేషన్ ఎప్పుడయిందో మొదటి మాటగానే చెప్పండి, సీటీ యాంజియో, అంటే రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్, తీసి చూస్తారు.

సమస్య: బాగానే ఉన్నా, మాత్రలు ఆపేయనా?

ఆపొద్దు. గడ్డ రాకుండా ఇచ్చే మందు చాలామందికి 35 రోజుల దాకా రాస్తారు, రిస్క్ అయితే దాదాపు 3 నెలలు ఉంటుంది. మలం నల్లగా రావడం, గాయం నుంచి రక్తం ఆగకపోవడం కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పండి, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కలిపి వేసుకోకండి.