అమెరికాలో పెప్టైడ్ థెరపీ క్లినిక్‌ను ఎంచుకోవడం ఎలా?

పెప్టైడ్లను (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులను) మందుగా ఇచ్చే క్లినిక్ దగ్గర్లో ఎక్కడుందో వెతకడం తేలికే. అక్కడ ఇచ్చే మందు ఎక్కడ తయారైందో తెలుసుకోవడమే కష్టం. డాక్టరుకు లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఆయన చేతిలోని సీసాకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఉన్నట్టు కాదు. అందుకే మందుతో మొదలుపెట్టి, డాక్టరు దగ్గరికి తర్వాత రండి.

1. మందు అసలు పేరు రాసిమ్మనండి. "రికవరీ ప్యాకేజీ", "యాంటీ ఏజింగ్ కోర్సు" లాంటి పేర్లు ఒప్పుకోవద్దు. మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్ 2017లోనే ఆమోదం పొందిన మందు. గాయాలు మానడానికంటూ అమ్మే బీపీసీ-157 అనే పెప్టైడ్‌కు ఏ జబ్బుకూ ఆమోదం లేదు. అయినా ఈ రెండింటినీ ఒకే క్లినిక్‌లో, ఒకే ధీమాతో అమ్ముతుంటారు. పేరు తెలిశాక ఆమోదం పొందిన మందుల జాబితాను ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో చూడండి. అందులో లేకపోతే, కాంపౌండింగ్‌కు (ఫార్మసీలోనే మందు కలిపి తయారుచేయడానికి) వాడే ముడి పదార్థాల జాబితా తెరవండి. 2023లో బీపీసీ-157తో పాటు మరికొన్ని పెప్టైడ్లను, తీవ్రమైన భద్రతా సమస్యలు రావచ్చంటూ ఎఫ్‌డీఏ రెండో కేటగిరీలో పెట్టింది. శరీరం వాటిపై రోగనిరోధక ప్రతిచర్య చూపే ప్రమాదం, తయారీలో మిగిలిపోయే మలినాలు, మనుషులపై సరిపడా సమాచారం లేకపోవడం ఇందుకు కారణాలు. ఈ జాబితా తరచూ మారుతుంది కాబట్టి పాత వ్యాసాలను నమ్మకుండా ఆ రోజు ఏముందో చూడండి. పోటీల్లో పాల్గొనే క్రీడాకారులకు బీపీసీ-157ను ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ (వాడా) నిషేధించింది కూడా.

2. ఫార్మసీ పేరు అడగండి. క్లినిక్ చెప్పనంటే అక్కడితో ఆపేయండి. కాంపౌండింగ్ ఫార్మసీలు రెండు రకాలు, వాటిని చట్టంలోని సెక్షన్ల పేర్లతో పిలుస్తారు. 503ఏ ఫార్మసీ ఒక్కో రోగి పేరున రాసిన ప్రిస్క్రిప్షన్‌కు మందు తయారుచేస్తుంది, దాన్ని ముఖ్యంగా రాష్ట్ర ఫార్మసీ బోర్డు చూసుకుంటుంది. 503బీ కేంద్రం ఎఫ్‌డీఏ దగ్గర నమోదై, మందుల కంపెనీల తయారీ ప్రమాణాలు పాటించాలి. 2012లో ఒక కాంపౌండింగ్ ఫార్మసీ పంపిన కలుషిత స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఫంగల్ మెనింజైటిస్‌కు దారితీసి 60 మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన చట్టమే ఈ రెండో రకాన్ని ఏర్పాటు చేసింది. రెండింట్లో ఎక్కడ తయారైనా కాంపౌండెడ్ మందు పనితనాన్ని గానీ, భద్రతను గానీ ఎఫ్‌డీఏ ముందుగా పరీక్షించదు.

సీసా మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉంటే అది మనుషులకు ఎక్కించేది కాదు. ఎంత చవకైనా తీసుకోకండి.

3. ఆ బ్యాచ్ పరీక్షా పత్రం చూడండి. చాలామంది స్వచ్ఛత 99 శాతం అన్న అంకె చూసి సంతోషపడతారు. అది పెప్టైడ్ ఎంత శుద్ధంగా ఉందో చెబుతుందే తప్ప, సూక్ష్మక్రిములు ఉన్నాయో లేదో చెప్పదు. ఇంజెక్షన్ మందుకు స్టెరిలిటీ (క్రిములు లేవని చూసే పరీక్ష), ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషపదార్థం) ఫలితాలు వేరుగా ఉండాలి. పత్రం మీది లాట్ (బ్యాచ్) నంబరు, సీసా మీది నంబరు ఒకటే కావాలి.

4. ప్రిస్క్రిప్షన్ రాసేవారి లైసెన్స్ చూడండి. వీడియో కాల్‌లో చూసినా, మీరున్న రాష్ట్రంలో వైద్యం చేసే అనుమతి వారికి ఉండాలి. రాష్ట్ర మెడికల్ బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొడితే క్రమశిక్షణ చర్యలుంటే కూడా తెలుస్తాయి. పాత జబ్బులు, వాడుతున్న మందులు అడగకుండా, రక్తపరీక్ష ఊసే లేకుండా మందు రాస్తే లేచి వచ్చేయండి.

5. మోతాదును మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, సిరంజి యూనిట్లు అనే మూడు కొలతల్లో రాయించుకోండి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. సీసాలో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందు ఉందనుకోండి. 0.25 మిల్లీగ్రాములు కావాలంటే 0.05 మిల్లీలీటరు తీయాలి. ఇన్సులిన్ సిరంజిలో 100 యూనిట్లు ఒక మిల్లీలీటరు, అంటే 5 యూనిట్లు. 0.25 అన్న అంకె చూసి 25 యూనిట్లు లాగితే ఐదు రెట్ల మందు ఒంట్లోకి పోతుంది. సెమాగ్లూటైడ్‌తో ఇలాంటి పొరపాట్లు జరిగి ఆసుపత్రుల పాలైనవారు ఉన్నారని 2024లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కొత్త సీసాలో గాఢత వేరుగా ఉండొచ్చు, కాబట్టి తెచ్చిన ప్రతిసారీ లెక్క మళ్లీ వేయండి.

ఊపిరాడకపోవడం, ముఖం వాయడం, ఆగని వాంతులు కనిపిస్తే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. సీసాను పారేయకుండా దాచి, లాట్ నంబరుతో మందుల దుష్ఫలితాలపై ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌డీఏ విభాగం మెడ్‌వాచ్‌కు, రాష్ట్ర ఫార్మసీ బోర్డుకు ఫిర్యాదు పంపండి.