ఇంగ్లిష్‌లో నోరు పెగలడం లేదా? చెవిని కూడా ఒకసారి చూడండి

ఒంగోలులో స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు మొదలుపెట్టినప్పటి నుంచి, కొత్తగా చేరడానికి వచ్చే ప్రతివారూ ముందుగా చెప్పే మాట ఒక్కటే: "ఇంగ్లిష్ మాట్లాడాలంటే భయం సార్." భయం జ్వరం లాంటిది. జ్వరం వచ్చిందని తెలిసినంత మాత్రాన ఏ మందు వేయాలో తెలియదు, అది దేనివల్ల వచ్చిందో చూడాలి. చాలామంది అది చూడకుండానే గ్రామర్ పుస్తకం కొనుక్కుంటారు. టెన్సుల పాఠం దాటకముందే ఆ పుస్తకం అటకెక్కుతుంది. చదవడం, రాయడం ఓ మోస్తరుగా వచ్చి, మాట్లాడవలసి వచ్చేసరికి ఆగిపోయే వారి కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు

ఈ పరీక్షను దాటవేసే వారిని చూసి చూసి విసుగొచ్చింది. నలుగురి ముందు లేచి నిలబడి తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడండి. కొత్తపట్నం సముద్రం గురించి గాని, నెల్లూరు రొట్టెల పండుగ గురించి గాని, ఏదైనా సరే. తెలుగులో కూడా కాళ్లు వణికి మాట తడబడితే అది సభాభయం, దానికీ ఇంగ్లిష్‌కూ సంబంధం లేదు. ముందు తెలుగులోనే నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకోండి. వణుకు లేదు గాని అర నిమిషానికే మాటలు అయిపోయాయా? అప్పుడు కొరత విషయానిది. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అనగానే మూగబోయే వారిలో చాలామందికి ఆ జవాబు తెలుగులోనూ సిద్ధంగా ఉండదు. తెలుగులో ఎనిమిది వాక్యాలు రాసుకుని, వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, పది సార్లు పైకి చదవండి.

తెలుగులో ధారాళంగా వచ్చి ఇంగ్లిష్‌లోనే ఆగిపోతుంటే మిగతాది చదవండి.

సమస్య: వాక్యం మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది

కారణం వాక్యం అల్లికలో ఉంది. "నేను నిన్న నెల్లూరు నుంచి బస్సులో వచ్చాను" అంటే క్రియ ఆఖరున వచ్చింది. ఇంగ్లిష్‌లో అది 'నేను' పక్కనే రావాలి. మనం నిన్న, నెల్లూరు, బస్సు అన్నీ సర్దుకుంటూ కూర్చుంటాం, క్రియ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది.

పరిష్కారం: ఎవరు, ఏం చేశారు అన్న రెండు ముక్కలను ముందు బయటికి అనేయండి. 'ఐ కేమ్.' ఎక్కడి నుంచి, ఎప్పుడు, దేనిలో అన్నవి తర్వాత ఒక్కొక్కటిగా తగిలించవచ్చు. పడుకునే ముందు ఆ రోజు చేసిన పది పనులను ఇలా చెప్పుకోండి. మనసులో చెప్పుకుంటే లాభం లేదు, పక్కవారికి వినిపించేలా చెప్పాలి. మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది.

సమస్య: కొత్తవారితో వస్తుంది, తెలిసినవారి ముందు రాదు

ఎప్పుడో ఎవరో నవ్వి ఉంటారు. "అబ్బో, దొరగారు దిగారు" అన్న ఒక్క మాట పదేళ్లు గుర్తుండిపోయిన పిల్లలను నేను చూశాను. వాక్యం పూర్తికాకముందే తప్పు దిద్దే ఉపాధ్యాయులు కూడా ఇంతే హాని చేస్తారు. ఒక్క తోడును వెతుక్కుని, పది నిమిషాలు అయ్యేవరకు ఒకరి తప్పు ఒకరు దిద్దకూడదని ముందే మాట తీసుకోండి. ఇంట్లో పెద్దవారికి నా విన్నపం: పిల్లలు మాట్లాడుతుంటే నవ్వకండి.

సమస్య: తనంతట తాను మాట్లాడగలరు, ఎదుటివారు ప్రశ్న అడగగానే బిగుసుకుపోతారు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చీమకుర్తిలో గ్రానైట్ పని చూసే ఒక కుర్రవాడు నా దగ్గర చేరాడు. బయటి నుంచి కొనుగోలుదారులు ఫోను చేస్తే మాట్లాడటం అతని పని. భయమన్నాడు కదా అని నాలుగు నెలల పాటు రోజూ లేపి మాట్లాడించాను. చివరికి బోర్డు దగ్గర నిలబడి, నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ గురించి ఐదు నిమిషాలు తడుముకోకుండా చెప్పాడు. బాగుపడ్డాడనుకున్నాను. వారం తిరక్కుండా వచ్చి, "ఫోనులో మళ్లీ అలాగే అయింది సార్" అన్నాడు. ధైర్యం చాలలేదని మరో నెల మాట్లాడించాను. ఆ నెల వృథా అయింది, తప్పు నాది.

ఒకరోజు తరగతిలో ఉండగానే అతనికి ఫోను వచ్చింది. స్పీకర్ పెట్టమన్నాను. అవతలి మనిషి అడిగాడు: 'హౌ మెనీ బ్లాక్స్ కెన్ యూ లోడ్ బై థర్స్‌డే?' కుర్రవాడు "యెస్ సార్" అన్నాడు. అవతల ఒక క్షణం నిశ్శబ్దం. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ "యెస్ సార్". అతని చేతి కింద కాగితం ఉంది. దాని మీద తెలుగు అక్షరాల్లో ఒకే మాట రాసుకున్నాడు: థర్స్‌డే. దాని కింద రెండు గీతలు గీశాడు.

ప్రశ్నలో చివరి మాట ఒక్కటే అతనికి అందింది. ఎందుకో ఆలోచించండి. అదే ప్రశ్న తెలుగులో "గురువారంలోపు ఎన్ని బ్లాకులు లోడ్ చేయగలరు?" అవుతుంది. గురువారం ముందు, అడిగే విషయం తర్వాత. వచ్చారా, తిన్నారా, ఉన్నాయా అన్నప్పుడు ప్రశ్న అంతా చివరి దీర్ఘంలోనే ఉంటుంది. పుట్టినప్పటి నుంచి మన చెవి వాక్యం తోక కోసం కాచుకుని ఉంటుంది. ఇంగ్లిష్ ప్రశ్న తలలో ఉంటుంది. మన చెవి మేలుకునేసరికి 'హౌ మెనీ' వెళ్లిపోయింది. పైగా మనం ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లిష్ వారు ముఖ్యమైన మాటలను ఒత్తి, చిన్న మాటలను మింగేస్తారు. 'డిడ్ యూ' కాస్తా 'డిజ్జూ' అయి దొర్లిపోతుంది. నిన్నటి సంగతి అడిగారా, రోజూ జరిగేది అడిగారా అని తెలిపేది ఆ మింగిన ముక్కే.

ఇలాంటివారు కూడా "భయం" అనే చెబుతారు. అడిగింది అర్థం కానప్పుడు ఎవరికైనా భయమే కదా.

పరీక్ష కొద్ది నిమిషాల పని. పది ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వండి, జవాబు నోటితో చెప్పమనండి. తర్వాత అలాంటివే మరో పది ప్రశ్నలు మామూలు వేగంతో అడగండి. కాగితం చూసి చెప్పగలిగి, విని చెప్పలేకపోతే లోపం చెవిది. అలాంటివారిని ఎన్నిసార్లు వేదిక ఎక్కించినా ప్రయోజనం లేదు.

పరిష్కారం: మొదటి వారం జవాబులే వద్దు. ఎవరైనా రోజుకు ఇరవై ప్రశ్నలు చదవాలి, మీరు ప్రతి ప్రశ్నలో మొదటి రెండు మాటలు మాత్రమే పైకి చెప్పాలి. 'వేర్ డిడ్', 'హౌ మెనీ', 'వెన్ కెన్'. అంతే, ఆగండి. రెండో వారం ఆ రెండు మాటలతో పాటు జవాబులో మొదటి ముక్క చెప్పండి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ సైటులో ఆరు నిమిషాల సంభాషణలు, వాటి పాఠంతో సహా ఉచితంగా దొరుకుతాయి. పాఠం చూడకుండా రెండు సార్లు విని, మూడోసారి చూస్తూ వినండి. యూట్యూబ్‌లో వినేవారు మొదట వేగాన్ని 0.75కు తగ్గించుకోవచ్చు గాని అక్కడే ఉండిపోవద్దు.

రైల్వే స్టేషనుకు వెళ్లినప్పుడు మరో సాధన ఉంది. ఒంగోలులోనో నెల్లూరులోనో చెన్నై వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడి ఉంటే, ఒకే ప్రకటన తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో బండి నంబరు, ప్లాట్‌ఫారం పట్టుకుని, తెలుగు ప్రకటనతో సరిచూసుకోండి. అంకెలు విడివిడిగా 'వన్ టూ సెవెన్ వన్ వన్' అని వస్తాయి కాబట్టి ఫోను నంబర్లు రాసుకోవడానికీ పనికొస్తుంది.

ఇక, అందనప్పుడు ఏమనాలి? ఊరికే 'సారీ?' అంటే అవతలివారు అంతే వేగంగా మొత్తం మళ్లీ చెబుతారు. అందిన ముక్కను తిరిగి వారికే అప్పగించండి. 'బై థర్స్‌డే... వాట్, సార్?' అంటే వారు అందని ముక్క ఒక్కటే, నెమ్మదిగా చెబుతారు. చీమకుర్తి కుర్రవాడికి ముందు నేర్పింది ఇదే. ఆరు వారాల తర్వాత అతని కాగితం మీద 'హౌ మెనీ' మొదటి వరుసలో కనిపించింది.

అరుదైనవి

నత్తి ఉంటే తెలుగులోనూ ఉంటుంది, స్పీచ్ థెరపిస్టును కలవండి. తెలుగులో కూడా మాటిమాటికీ "ఆఁ?" అంటుంటే చెవి డాక్టరుకు చూపించండి. 'బస్'ను 'బస్సు' అన్నందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వడం మానరు, దాన్ని పట్టించుకోకండి. నాలుక మందమని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ నాలుకే రోజంతా తెలుగు మాట్లాడుతోందని చెప్పండి.