జిప్సీకి డీజిల్ ఇంజను ఎక్కించే ముందు బ్రేకు సంగతి తేల్చుకోండి

ఇంజను మార్చిన మారుతీ జిప్సీ ఒకటి ఘాట్ దిగుతూ మలుపులో పిట్టగోడని గుద్దిన వీడియో ఈ మధ్య ఫోన్లలో తిరుగుతోంది. చూసినవాళ్లంతా బ్రేకు ఫెయిల్ అంటున్నారు. ఆ బండిలో ఏం జరిగిందో దాన్ని విప్పినవాళ్లకే తెలియాలి. అయితే పెట్రోలు తీసి డీజిల్ పెట్టిన బళ్లలో చాలాసార్లు లైనర్లు బాగానే ఉంటాయి, బ్రేకాయిల్ నిండుగానే ఉంటుంది, పైపు ఎక్కడా కారదు. పెడల్ తొక్కే బలాన్ని పెంచే బూస్టర్‌కి వాక్యూమ్ (గాలి లాగేసిన పీల్పు) మాత్రం ఉండదు.

చైన్ బ్లాక్ గట్టిదేనా, జాకీ పక్కన స్టాండు పెట్టారా లాంటివి ఆటోనగర్‌లో పని నేర్చుకునే కుర్రాడైనా చెబుతాడు. వాటి జోలికి పోవడం లేదు. మేస్త్రితో బేరం మొదలుపెట్టగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: బూస్టర్‌కి వాక్యూమ్ ఎక్కడి నుంచి ఇస్తున్నావు? దానికి తిన్నని జవాబు రాకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

వాక్యూమ్ ఎందుకు పోతుంది

పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ రేకు ఉంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే అది మూసుకుంటుంది. పిస్టన్లు లాగుతూనే ఉంటాయి కాబట్టి మానిఫోల్డ్‌లో, అంటే ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టంలో, గట్టి వాక్యూమ్ పుడుతుంది. జిప్సీ బూస్టర్‌కి పైపు అక్కడి నుంచే వస్తుంది. డీజిల్ ఇంజను గాలిని అలా అడ్డుకోదు, నడిచేదంతా డీజిల్ ఎంత పోశామన్న లెక్క మీదే. మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు. ఇంజనులోకి గాలిని తోసే టర్బో ఉంటే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అక్కడ ఉండేది ప్రెషరే. పాత పైపుని తెచ్చి డీజిల్ మానిఫోల్డ్‌కే తగిలించి "కనెక్షన్ ఇచ్చేశాం" అనేవాళ్లున్నారు. అది ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

ఆటోనగర్ రోడ్ల మీద ట్రయల్ చూస్తే ఇది బయటపడదు. ఇరవై కిలోమీటర్ల వేగంలో, చదును మీద, రెండు కాళ్ల బలం పెడితే ఏ బండైనా ఆగుతుంది. "పెడల్ కొంచెం గట్టిగా ఉందండీ, రెండు రోజుల్లో అలవాటైపోద్ది" అంటారు. అలవాటు కాదు. అదే బండి మనుషుల్ని ఎక్కించుకుని కొండవీడు ఘాటో, కొండపల్లి కొండో దిగేటప్పుడు పదో మలుపు దగ్గర పెడల్ రాయిలా అవుతుంది.

దిగుడులో ఇంకో చిక్కు. కాలు తీస్తే పెట్రోలు ఇంజను పట్టి లాగినట్టు డీజిల్ అంతగా లాగదు. పైగా ముందు బరువు పెరిగింది. జిప్సీ సొంత 1.3 లీటర్ల ఇంజను దిమ్మ (బ్లాకు) అల్యూమినియం, స్విఫ్ట్ నుంచి తెచ్చే 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజను దిమ్మ పోత ఇనుము. బ్రేకు ఎక్కువ కావలసిన చోటే, దాని సాయం తీసేసుకుంటున్నామన్నమాట.

బూస్టరే లేని పాత పెట్రోలు జీపుల కథ వేరు. నాలుగు డ్రమ్ములు, ఒకే లైను మాస్టర్ సిలిండర్. వాటికి డీజిల్ బరువు ఎక్కించాలంటే బ్రేకులే మార్చాలి. అలా మార్చి బూస్టర్ పెట్టగానే మళ్లీ అదే ప్రశ్న: వాక్యూమ్ ఎక్కడి నుంచి?

వాక్యూమ్ పంపు

మానిఫోల్డ్ ఇవ్వని వాక్యూమ్‌ని ఈ పంపే పుట్టించాలి. మన దగ్గర దొరికే డీజిల్ ఇంజన్లలో ఇది ఎక్కువగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి డైనమో వెనక, అదే షాఫ్టు మీద. రెండోది హెడ్డు మీద క్యామ్ చివర. మల్టీజెట్‌ది ఈ రెండో రకం. జిప్సీలో ఇంజను నిలువుగా కూర్చుంటుంది కాబట్టి ఆ చివర ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) వైపు వస్తుంది. చోటు చాలడం లేదని పంపు తీసేసి ప్లేటు బిగించే ఆలోచన అక్కడే పుడుతుంది. ఒప్పుకోకండి. ఇంజనుని ముందుకి జరపనివ్వండి, లేకపోతే ఫైర్‌వాల్‌ని కోసి మడవనివ్వండి. పంపు మాత్రం కదలకూడదు.

డైనమో వెనక పంపుకి ఆయిల్ కావాలి. దిమ్మ నుంచి సన్నటి ఫీడ్ పైపు వస్తుంది, కిందికి లావు రిటర్న్ పైపు పోతుంది. ఈ రిటర్న్‌లోనే పని చెడుతుంది. పంపు లాగిన గాలి కూడా ఆయిల్‌తో కలిసి ఇందులోంచే సంపుకి (ఇంజను అడుగున ఆయిల్ ఉండే గిన్నెకి) పోవాలి. కాబట్టి పైపు మధ్యలో ఎక్కడా వంగి గుంట పడకుండా ఏటవాలుగా దిగాలి, సంపులో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. సన్న పైపు వేసినా, మెలిక పడినా ఆయిల్ వెనక్కి తన్ని డైనమోలోకీ బూస్టర్ పైపులోకీ చేరుతుంది. బూస్టర్ లోపల రబ్బరు పొర ఆయిల్ తగిలితే ఉబ్బి చిరుగుతుంది. పైపు ఊడదీసి వేలు పెడితే ఆయిల్ అంటిందా, బండి నిలబెట్టండి.

డైనమో బెల్టు తెగిందంటే బ్రేకు తెగిందన్నమాటే. బెల్టు ఒకటే కదా. అది తెగితే ఛార్జింగూ పోతుంది, వాక్యూమూ పోతుంది. ఇలాంటి బండిలో బ్యాటరీ లైటు వెలిగితే "ఇంటికెళ్లాక చూద్దాం" అనుకోకండి. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే వస్తుంది. వాటిని ఆగడానికే వాడుకోండి. కొత్త డైనమో కొనేటప్పుడు కూడా వెనక పంపు లేనిది చవగ్గా వస్తోందని తేకండి.

కరెంటు వాక్యూమ్ పంపులూ ఉన్నాయి. రిలే, ఫ్యూజు, వాక్యూమ్ స్విచ్ అన్నీ ఉంటే తోడుగా పనికొస్తాయి. దాని ఒక్కదాని మీదే బండి వదలొద్దు.

బూస్టర్ పైపు మందపాటి వాక్యూమ్ పైపే అయి ఉండాలి. డీజిల్ పైపు, కూలర్ పైపు ఇంజను వేడికి మెత్తబడి పీల్పుకి అతుక్కుపోతాయి. చల్లగా ఉన్నప్పుడు చూస్తే అంతా బాగానే ఉంటుంది. నాన్ రిటర్న్ వాల్వ్ మీద బాణం గుర్తు ఉంటుంది, అది పంపు వైపు చూడాలి. టర్బో వాల్వుకీ, పొగని తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్‌కీ ఇదే పైపు మధ్యలో కోసి టీ జాయింటు పెట్టొద్దు. ఆ సన్న పైపు ఒకటి ఊడితే బ్రేకు పోతుంది.

పరీక్ష

ఇంజను ఆపి పెడల్ ఐదారు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే వాక్యూమ్ రావట్లేదు. తర్వాత ఇంజను ఆపి ఐదు నిమిషాలు వదిలేయండి. మొదటి రెండు తొక్కుళ్లు మెత్తగా ఉండాలి. మొదటిదే గట్టిగా ఉంటే వాల్వో, పైపో, బూస్టరో లీకు.

ఆపైన వాక్యూమ్ మీటరు పెట్టి చూడండి. ఇంజను బాగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో. మంచి పంపు వాక్యూమ్‌ని 24 అంగుళాలు (పాదరసం లెక్కలో) దాటిస్తుంది. 20కి తక్కువైతే బండి గేటు దాటకూడదు. పెడల్ వరసగా నాలుగుసార్లు తొక్కి ముల్లు ఎంత తొందరగా తిరిగి పైకి వస్తుందో చూడండి. ఘాట్‌లో పనికొచ్చేది ఆ లెక్కే. మీటరుని డాష్‌బోర్డు మీద శాశ్వతంగా బిగించుకున్నా తప్పు లేదు, స్టీరియో కంటే ముందు అదే కొనాలి.

ఇక మిగతావి. ఒక వరస అంటూ లేదు, ఒక్కటీ వదలొద్దు.

రవాణా శాఖ అనుమతి పని మొదలవకముందే కాగితం మీద ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అదే చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద అనుమతి లేని మార్పుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఇన్సూరెన్సు వాళ్లకీ రాసివ్వండి. ఆర్సీలో పెట్రోలు, బానెట్ కింద డీజిల్ ఉంటే క్లెయిము మీద ఆశ పెట్టుకోవద్దు.

బిల్లు లేని ఇంజను వద్దు. నంబరు చెక్కేసిన ఇంజను అసలే వద్దు.

జిప్సీ గేర్‌బాక్సు సుమారు 103 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఇంజనుకి చేసింది. మల్టీజెట్ ఇచ్చేది 190. లో గేరులో, ఇసుకలో దిగబడి ఉన్నప్పుడు క్లచ్ టక్కున వదలొద్దు.

ఇంజనుని గేర్‌బాక్సుకి కలిపే అడాప్టర్ ప్లేటు లేత్‌లో తీయించాక డయల్ గేజ్‌తో సెంటర్ చూడండి. కంటి లెక్క పనికిరాదు. సెంటర్ తప్పితే ముందు క్లచ్ ప్లేటు బుష్, తర్వాత ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోతాయి.

ట్యాంకు దింపి కడిగించండి. అడుగున మిగిలిన పెట్రోలు డీజిల్‌లో జారుడు తగ్గించి డీజిల్ పంపుని అరగదీస్తుంది.

డీజిల్ రిటర్న్ లైను ట్యాంకుకే వెళ్లాలి. నీళ్లు వేరుచేసే ఫిల్టరు పెట్టండి.

మన మే నెల ఎండకి పాత రేడియేటర్ చాలదు. ఫ్యాన్ చుట్టూ కౌల్ (తొడుగు) లేకుండా నడపొద్దు.

ఇంజను నుంచి ఛాసిస్‌కి లావుపాటి ఎర్త్ వేయండి. లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు, క్లచ్ కేబులు లాంటి వాటి గుండా పోయి వాటిని కాల్చేస్తుంది.

వెల్డింగ్ అంటే బ్యాటరీ రెండు టెర్మినళ్లూ ఊడాలి, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) కనెక్టరూ ఊడాలి.

సైలెన్సర్ పైపు పక్కన బ్రేకు పైపు పోనివ్వొద్దు. పోక తప్పకపోతే మధ్యలో రేకు కట్టండి.

ఎయిర్ ఫిల్టరు తర్వాత పైపులో సూది బెజ్జం కూడా ఉండకూడదు. కృష్ణ ఇసుక ఒక్క ట్రిప్పులో రింగులు తినేస్తుంది.

ఇంజెక్టర్లకి డీజిల్ పంపే కామన్ రైలు పైపు లీకుని చేత్తో వెతకొద్దు. అందులో 1,600 బార్ల వరకు ప్రెషర్ ఉంటుంది. చర్మం చీల్చుకుని డీజిల్ లోపలికి పోతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపించినా నిమిషాల్లో ఆసుపత్రికి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒక మనిషి చెక్క పలక పట్టుకుని గాలి పైపు నోటి దగ్గర నిలబడాలి. టర్బో ఆయిల్ తాగి ఇంజను పరుగందుకుంటే తాళం తీసినా ఆగదు, గాలి మూస్తేనే ఆగుతుంది. అరచెయ్యి అడ్డం పెట్టొద్దు. గుడ్డ కుక్కొద్దు.

డీజిల్ పంపు మెకానికల్‌ది అయితే చేత్తో లాగే స్టాప్ కేబుల్ తప్పనిసరి.

ఇంజను ఆపి దిగుడులో బండి జార్చొద్దు. పంపు తిరగదు, వాక్యూమ్ రాదు.

డైనమో బెల్టు ఒకటి, దానికి సరిపడే పానా ఒకటి సీటు కింద.

మొదటి ఘాట్‌కి ఒక్కరే వెళ్లండి, ఖాళీ బండితో, రెండో గేరులో. పైనే ఆపి, ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా మీటరు చూడండి. 20కి తక్కువుంటే దిగొద్దు, లారీ పిలిపించుకోండి.