వేధింపు ఎదురైనప్పుడు మొదట చేయవలసినవి

తరగతిలో మారుపేర్లతో ఏడిపించినా, వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి హేళన చేసినా, తిరిగి తిట్టాలన్న కోపాన్ని ఆపుకొని, ఆ సందేశాలను తేదీ, పంపినవారి ఖాతా కనిపించేటట్లు స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచిన తరువాతే ఆ ఖాతాను బ్లాక్ చేయాలి. ముందే చాట్ తుడిచివేస్తే ఆధారం పోతుంది. బడిలో జరిగినదైతే రోజు, చోటు, చూసినవారి పేర్లు నోటుపుస్తకంలో రాసుకోవాలి.

నగ్న చిత్రాలు బయటపెడతామని బెదిరించేవారికి డబ్బు గాని, మరో చిత్రం గాని ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్లలోపు తీసిన అటువంటి చిత్రాలను ఆన్‌లైన్ నుంచి తొలగించడంలో సాయపడే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అది చిత్రాన్ని ఫోను దాటించకుండా, దాని డిజిటల్ వేలిముద్రను, అంటే ఆ చిత్రాన్ని గుర్తుపట్టే సంకేతాన్ని మాత్రమే అందులో చేరిన సామాజిక మాధ్యమాలకు పంపుతుంది.

ఫోను లాగేసుకుంటారన్న భయంతో పిల్లలు విషయాన్ని దాస్తారు కనుక, ఆ శిక్ష వేయబోమని అమ్మానాన్నలు ముందే మాట ఇవ్వడం అత్యవసరమని నా నమ్మకం. ఇంట్లో చెప్పలేనివారు పిల్లల సహాయవాణి 1098కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

జపాన్ 2013లో చట్టం చేసి వేధింపులను అరికట్టే బాధ్యతను బడులపైనా పెట్టింది. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన ‘కివా’ కార్యక్రమం చూస్తూ నిలబడే తోటి పిల్లలపై దృష్టి పెడుతుంది. మన పిల్లలూ ఆ నవ్వులో కలవకుండా, బాధపడుతున్నవారి పక్కన వెళ్లి కూర్చోవచ్చు.