ముజ్తబా అలీ కాబూల్ పుస్తకాన్ని తెలుగు చేసేటప్పుడు

బెంగాలీ రచయిత సయ్యద్ ముజ్తబా అలీ తన కాబూల్ రోజుల గురించి రాసిన యాత్రాకథనం ‘దేశే బిదేశే’ని తెలుగు చేయడానికి కూర్చుంటే, తెలియని బెంగాలీ మాటలతో పెద్ద ఇబ్బంది ఉండదు. వాటికి నిఘంటువు తీస్తాం. మనకు తెలుసనుకున్న సంస్కృత పదాలే ముంచుతాయి.

ముందు అనుమతి సంగతి చూసుకోండి. ఆయన 1974లో ఢాకాలో కన్నుమూశారు. మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క, అంటే 2034 ఆఖరు దాకా హక్కులుంటాయి. అచ్చు వేసినా, నెట్‌లో పెట్టినా రాతపూర్వక అనుమతి కావాలి. అంతా అయ్యాక అడిగితే, కాదన్నప్పుడు ఏళ్ల కష్టం పెట్టెలో ఉండిపోతుంది.

తర్వాత ఒక కాగితం మీద తేదీలు రాసి గోడకు అంటించుకోండి. 1904లో కరీంగంజ్‌లో పుట్టుక, శాంతినికేతన్‌లో చదువు, 1927లో కాబూల్‌లో కొలువు. 1929 జనవరి 14న అఫ్ఘాన్ రాజు అమానుల్లా గద్దె దిగి అన్న ఇనాయతుల్లాకి అప్పగించారు, ఇనాయతుల్లా ఏలుబడి మూడు రోజులే. ఈ పుస్తకం ‘దేశ్’ అనే బెంగాలీ పత్రికలో రావడం మొదలైంది 1948లో, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత. అందుకే ఒకే పేజీలో కొత్తగా ఊరు చూస్తున్న కుర్రవాడూ, వెనక్కి తిరిగి చూస్తున్న నడివయసు మనిషీ మాట్లాడుతుంటారు. ఈ రెండు గొంతులనూ ఒకే ధోరణిలో రాసేస్తే సగం అందం పోతుంది.

పేర్లకు ఒక పుస్తకం పెట్టి నాలుగు గడులు గీయండి: బెంగాలీ అక్షరక్రమం, బెంగాలీ పలుకుబడి, పటంలోని పేరు, తెలుగులో మీరు ఖాయం చేసిన రూపం. బెంగాలీలో ‘వ’ ధ్వనిని ‘ఓయ’ అని రాస్తారు. అక్షరం వెంట పోతే పెషావర్ కాస్తా ‘పేశాఓయార్’ అవుతుంది. పాన్‌షిర్ అని ఉన్నది పటంలోని పంజ్‌షీర్. అమానుల్లా మీద తిరగబడి కాబూల్‌ని పట్టుకున్న హబీబుల్లా కలకానీని ‘బచ్చాయే సకావ్’ అంటారు, నీళ్లు మోసేవాడి కొడుకని ఎగతాళి. మనకు హైదరాబాదు వైపు ‘భిస్తీ’ అనే మాట ఉంది కాబట్టి, మొదటిసారి వచ్చినప్పుడు ‘భిస్తీవాడి కొడుకు’ అని కలిపితే ఆ ఈసడింపు తెలుగులో చక్కగా దిగుతుంది.

ఇక అసలు గండం. బెంగాలీ ‘శిక్షా విభాగ్’ అంటే విద్యాశాఖ. ఏమరుపాటున అలాగే వదిలితే ముజ్తబా అలీ జైళ్లశాఖలో పనిచేసినట్టవుతుంది. ‘ఉపన్యాస్’ నవల, ‘చరిత్ర’ శీలం లేదా పాత్ర, ‘యత్న’ శ్రద్ధగా చూసుకోవడం, ‘రాగ్’ కోపం. యాత్రాకథనానికి వాళ్లు వాడే ‘భ్రమణ్ కాహినీ’లోని భ్రమణం మన దగ్గర భూమి చేసేది. పుస్తకం పేరులోని ‘దేశ్’ సైతం దేశమే కానక్కర్లేదు, సొంతూరు కూడా. పంజ్‌షీర్ నుంచి వచ్చిన, రచయిత దగ్గర వంటమనిషి అయిన అబ్దుర్ రహమాన్‌కు ఆ పంజ్‌షీరే దేశ్. ‘ఇన్‌హస్త్ వతనమ్’ అని అతనన్న చోట ఫార్సీని అలాగే ఉంచి, ‘ఇదీ నా వతన్’ అని పక్కనే చెప్పండి. అడుగున సూచిక పెట్టొద్దు, పాఠకుడి కన్ను కిందికి దిగి పైకి వచ్చేలోపు ఆ పొగరు చల్లారిపోతుంది.

2015లో వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్ని సరిచూసుకోవడానికి మాత్రమే వాడండి. మూలంలోని సంస్కృత, ఫార్సీ మాటలు మనకు దగ్గరి చుట్టాలు. ఇంగ్లీషు మీదుగా వస్తే ఆ చుట్టరికం తెగిపోతుంది.

చివరి పేజీని మాత్రం అన్నీ పూర్తయ్యాక, విడిగా పట్టుకోండి. రచయిత కాబూల్ విడిచి వెళ్తున్న విమానం లేస్తుంటుంది. కింద మంచు, అబ్దుర్ రహమాన్ ఊపుతున్న తలపాగా గుడ్డ. చాలాకాలంగా సబ్బు దొరక్క అది మాసిపోయింది. అయినా రచయితకు తలపాగా ‘శుభ్రతర్’గా, అతని మనసు ‘శుభ్రతమ్’గా తోస్తాయి. బెంగాలీలో శుభ్రమంటే తెలుపు. మన శుభ్రం అంటే మాపు లేకపోవడం. ఆ మాటే ఉంచితే మాసిన గుడ్డ శుభ్రంగా ఉందని రాసినట్టవుతుంది. తెలుపుతోనే కట్టండి: మంచు తెల్లన, మాసిన తలపాగా అంతకన్నా తెల్లన, అన్నిటికన్నా తెల్లన అతని మనసు.