ఆడేవాళ్లు కూర్చుండిపోతే డీజే ఏం చేయాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం పెళ్లిళ్లలో తెలుగువారూ ఒడియావారూ ఒకే పందిట్లో ఆడతారు కనుక, జనం పలచబడగానే ముందుగా చూడవలసింది ఎవరు కూర్చున్నారన్నదే. కంగారుపడి పాటను మధ్యలో తెంచకండి; పల్లవి ముగిసేదాకా ఆగి, హెడ్‌ఫోన్‌లో తరువాతి పాట దరువు సరిచూసుకొని, పదహారు దెబ్బల మీద కలపండి. 128 బీపీఎం (నిమిషానికి పడే దరువు దెబ్బల లెక్క) నుంచి ఒక్కసారిగా 95కు దిగితే కాళ్లు తడబడతాయి కాబట్టి, నడుమ ఉత్త డప్పు మోగే ముక్క వేయడం మేలు. మేనమామలూ అత్తలూ కుర్చీలకు చేరితే, అందరి నోటా ఆడే పాత తెలుగు పాట ఒకటి, వెంటనే పశ్చిమ ఒడిశా జానపదమైన సంబల్‌పురి దరువు ఒకటి వేయండి. ఆడపడుచులిద్దరు లేచి చెప్పులు పక్కన విడిచారంటే, మూడు పాటల దాకా ఆ వేగాన్ని కదపకండి. శబ్దం పెంచడం మాత్రం ఎప్పుడూ పరిష్కారం కాదు. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి కనుక, మీ దగ్గరున్న, జనాన్ని లేపి ఆడించే పాటలను 9:30 లోపే వాడుకోండి.